‘బెల్టు పెట్టుకోలేదు’ అని రాసి ఫైలు మూసేసేవారికి బహిరంగ లేఖ

నిర్మాణ పనుల్లో, ఫ్యాక్టరీల్లో జరిగే ప్రమాదాలపై విచారణ చేసే కార్మిక శాఖ అధికారులకు, బీమా సర్వేయర్లకు, ప్రిన్సిపల్ కాంట్రాక్టర్లకు, సేఫ్టీ ఆఫీసర్లకు

నమస్కారం.

మేము ఎత్తు మీద పనిచేసేవాళ్లకు హార్నెస్ (భుజాలకు, తొడలకు పట్టీలున్న సేఫ్టీ బెల్టు) కట్టుకోవడం, పరంజా కట్టడం, తాడుకు వేలాడుతున్న మనిషిని దించడం నేర్పే శిక్షకులం. మాలో కొందరు పరంజా మేస్త్రీలు. మనిషి పైనుంచి పడిపోయాక తయారయ్యే నివేదికలు మా కంటపడుతుంటాయి. వాటిలో చాలావాటిలో ‘కారణం’ అన్న గడిలో ఇంచుమించు ఒకే మాట ఉంటుంది: ‘కార్మికుడు సేఫ్టీ బెల్టు వాడలేదు. అతని నిర్లక్ష్యమే కారణం.’ అక్కడితో విచారణ అయిపోతుంది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని పరిహారం ఆపుతారు, లేదా సగానికి బేరం పెడతారు.

దీని గురించి వినతిపత్రాలు ఇచ్చాం. సమావేశాల్లో లేచి చెప్పాం. ‘చూస్తాం’ అన్న మాట తప్ప వేరే జవాబు రాలేదు. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాం.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కార్మికుడికి బాధ్యత లేదని మేము అనడం లేదు. ఇచ్చిన సామాను వాడటం, తనతోపాటు పక్కవాడి ప్రాణం కూడా చూసుకోవడం అతని విధి. చట్టం ఆ మాట చెబుతోంది, మేమూ శిక్షణలో మొదటి రోజే చెబుతాం. కానీ వాడటానికి వీలైన సామాను, దాన్ని తగిలించే చోటు, తగిలించుకునేంత సమయం, ఎలా తగిలించాలో తెలిసేంత శిక్షణ, ఈ నాలుగూ ముందుగా ఉంటేనే ఆ విధి మొదలవుతుంది. ఈ నాలుగింటినీ చూడకుండా రాసిన ‘వాడలేదు’ విచారణ కిందికి రాదు.

చట్టం ఏమంటోంది

1. ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 3(1) సెక్షన్‌లో యజమానికి కొన్ని మినహాయింపులు ఉండేవి. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కార్మికుడు కావాలని ధిక్కరించినా, తన భద్రత కోసమే ఏర్పాటు చేశారని తెలిసిన పరికరాన్ని కావాలని తీసేసినా, కావాలని పట్టించుకోకపోయినా, ఆ గాయానికి యజమాని పరిహారం ఇవ్వనక్కరలేదు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, 2020లోకి కూడా ఇదే నియమం వచ్చింది.

ఇందులో ఒకటి కాదు, మూడు షరతులు ఉన్నాయి. పరికరం ఏర్పాటు చేసి ఉండాలి. అది దేనికోసమో అతనికి తెలిసి ఉండాలి. అతను కావాలనే దాన్ని వదిలేసి ఉండాలి. దానికి తోడు, ప్రమాదం నేరుగా అలా వదిలేయడం వల్లే జరిగి ఉండాలి. మరచిపోవడం, తొందరలో తగిలించకపోవడం, తగిలించే చోటు లేక వదిలేయడం, మేస్త్రి ‘ఐదు నిమిషాల పనే, ఎక్కు’ అంటే ఎక్కడం, వీటిలో ఏదీ కావాలని ధిక్కరించడం కిందికి రాదు.

2. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వచ్చినా ఈ మినహాయింపు అసలు వర్తించదు. బెల్టు పెట్టుకున్నాడా లేదా అన్న ప్రశ్నతో పని లేకుండా పరిహారం చెల్లించాల్సిందే. ఇది సెక్షన్‌లోనే ఉంది. అయినా మరణాల కేసుల్లో కూడా ‘మీవాడిదే తప్పు, కేసుకు వెళితే ఏమీ రాదు’ అని కుటుంబాన్ని భయపెట్టి, స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించుకుంటున్నారు. ఆ కాగితానికి విలువ లేదు. పరిహారం హక్కును వదులుకునే ఒప్పందం ఏదైనా చెల్లదని 1923 చట్టం 17వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం కింద మరణ పరిహారాన్ని కమిషనర్ (పరిహారం కేసులు తేల్చే అధికారి) దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చిన డబ్బు, మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సు మినహా, పరిహారం లెక్కలోకి రాదని 8వ సెక్షన్ చెప్పింది.

3. ఈ అన్యాయం ఎక్కువగా జరిగేది మధ్యరకం గాయాల్లో. కాలు విరిగి అతకనివాళ్లు, మడమ ఎముక నలిగి నిచ్చెన ఎక్కలేనివాళ్లు, చేతివేళ్లు పోయినవాళ్లు. వాళ్ల దగ్గరే ‘నిర్లక్ష్యం’ అన్న మాట పనిచేస్తుంది. 1923 చట్టం లెక్కే చూడండి. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. 2020 నుంచి ఆ చట్టం కింద లెక్కలోకి తీసుకున్న నెల వేతనం గరిష్ఠంగా 15,000 రూపాయలు. చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తి నష్టం 30 శాతంగా షెడ్యూల్‌లో ఉంది. వేతనంలో 60 శాతాన్ని గుణకంతో హెచ్చవేసి, అందులో 30 శాతం లెక్క కడితే 5,61,546 రూపాయలు వస్తాయి. నివేదికలో ఒక వాక్యం ఆ మొత్తాన్ని సున్నా చేస్తోంది.

4. నియమం తప్పినంత మాత్రాన నష్టంలో వాటా మోయాలన్నది న్యాయం కాదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదం కేసులో ఈ సంగతి తేల్చింది. బైకు మీద ముగ్గురు ఎక్కారని హైకోర్టు పరిహారంలో 10 శాతం కోత పెట్టింది. ముగ్గురు ఎక్కడం నియమ ఉల్లంఘనే అయినా, ఆ ఉల్లంఘన వల్ల ప్రమాదం జరిగిందనో, గాయం తీవ్రత పెరిగిందనో చూపకుండా కోత పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టేసింది. అది వేరే చట్టం కింద వచ్చిన తీర్పే. అయినా కారణానికీ ఫలితానికీ ముడి చూపమనే తర్కం ఇక్కడా అంతే అవసరం. పరంజా మొత్తం కూలి మనిషి పడితే, అదే పరంజాకు హుక్కు తగిలించి ఉన్నా బతికేవాడా? ఈ ప్రశ్న వేయని నివేదిక కారణం చెప్పినట్టు కాదు.

5. యజమాని వైపు బాధ్యత డబ్బుతో ఆగదు. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ప్రకారం విధులు ఉల్లంఘించడం వల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి పాత శిక్షాస్మృతి 304ఏ కింద రెండేళ్లు ఉన్న గరిష్ఠ శిక్ష, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్లయింది. ‘బెల్టు ఇచ్చాం, సంతకం తీసుకున్నాం’ అంటే ఈ బాధ్యత తీరిపోదు.

సామాను ఎందుకు వాడకుండా మిగిలిపోతుంది

ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాం. విచారణకు వచ్చేవాళ్లలో చాలామంది హార్నెస్‌ను చేత్తో పట్టుకుని చూసి ఉండరు. అది తప్పు కాదు, కానీ చూడకుండా తీర్పు రాయడం తప్పు.

6. తగిలించే చోటు లేకపోవడం. అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. స్లాబు అంచున సెంట్రింగ్ పలకలు విప్పే మనిషికి తల పైన ఏముంటుంది? ఆకాశం. పక్కన సర్వి కర్ర, విద్యుత్ కండ్యూట్ పైపు, కేబుల్ ట్రే, సరిగా బిగించని లెడ్జర్ (పరంజా అడ్డ పైపు) ఉంటాయి. పడే మనిషిని ఆపేటప్పుడు మంచి అబ్జార్బర్ (సాగుతూ కుదుపును తగ్గించే పట్టీ) ఉన్నా ఆ చోటు మీద 6 కిలోన్యూటన్ల దాకా బలం పడుతుంది. అంటే ఇంచుమించు 600 కిలోల బరువు ఒక్కసారి వేలాడినంత. అందుకే యాంకర్, అంటే హుక్కు తగిలించే చోటు, దానికి రెట్టింపు, 12 కిలోన్యూటన్లు, ఓర్చుకోవాలని యూరప్ ప్రమాణం అడుగుతుంది. అమెరికా నియమం ఒక్కో మనిషికి 22 కిలోన్యూటన్లు అంటుంది. కండ్యూట్ పైపుకు హుక్కు తగిలించినవాడు నివేదికలో ‘బెల్టు వాడాడు’ అవుతాడు, తగిలించనివాడు ‘వాడలేదు’ అవుతాడు. పడితే ఇద్దరి గతీ ఒకటే.

యాంకర్ పెట్టడం కార్మికుడి చేతిలో లేదు. కాంక్రీటు పోయకముందే కాలమ్‌లో, బీములో లూపులు వదలాలి. అది డ్రాయింగ్ దశలో జరగాల్సిన పని. ప్లానింగ్ ఇంజినీరు చేయాల్సిన పనిని చేయలేదని రోజుకూలీ మీద రాయడం ఎంతవరకు సబబు?

7. లైఫ్‌లైన్ పేరుకు ఉండటం. హుక్కు తగిలించుకుంటూ నడవడానికి రెండు కాలమ్‌ల మధ్య వైరు రోప్ కడతారు, దాన్నే లైఫ్‌లైన్ అంటారు. వంగితే బాగుండదని వీణ తీగలా బిగిస్తారు. బిగువు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మధ్యలో మనిషి పడినప్పుడు తాడు రెండువైపులా 15 డిగ్రీలు కుంగితే, 6 కిలోన్యూటన్ల బలానికి ఒక్కో కొస మీద 11.6 కిలోన్యూటన్లు పడతాయి. అదే 5 డిగ్రీలే కుంగితే ఒక్కో కొస మీద 34 కిలోన్యూటన్లు, అంటే మూడున్నర టన్నులు. ఇంత బలం కొసకు ఉన్న క్లాంపుల మీద పడుతుంది. ఆ క్లాంపులు ఒకటో రెండో ఉంటాయి. కనీసం మూడు ఉండాలి. యూ బోల్టు వంపు, మడిచి వదిలిన పొట్టి కొస మీద రావాలి. బరువు మోసే తాడు మీద క్లాంపు జీను (వంపుకు ఎదురుగా ఉండే గాడి ముక్క) వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోసే తాడే నలుగుతుంది. మేము చూసే సైట్లలో తిరగేసినవి తరచూ కనిపిస్తాయి. విచారణాధికారి ఆ క్లాంపుల ఫొటో ఒక్కటి తీస్తే చాలు, సగం నిజం బయటపడుతుంది.

8. ఒకే తాడు ఇవ్వడం. ఒక హుక్కు ఉన్న హార్నెస్‌తో పరంజా మీద అడ్డంగా కదలాలంటే ప్రతి నిలువు పైపు దగ్గరా హుక్కు విప్పాలి, అటు తగిలించాలి. విప్పిన ప్రతిసారీ మనిషి గాల్లో ఉన్నట్టే. రెండు తాళ్ల లాన్యార్డ్ (హార్నెస్‌ను యాంకర్‌కు కలిపే తాడు) ఉంటే ఒకటి తగిలి ఉండగానే రెండోది జరపవచ్చు. ఒక్క తాడు కొని ఇచ్చి, విప్పినప్పుడు పడ్డాడని తప్పు పట్టడం, విప్పక తప్పని పని అప్పగించి విప్పినందుకు శిక్షించడమే.

9. పెట్టుకున్నా కాపాడలేని ఎత్తు. దీన్ని చాలామంది సేఫ్టీ ఆఫీసర్లు కూడా లెక్క వేయరు. హుక్కు కాళ్ల దగ్గరి పైపుకు తగిలించారనుకోండి. అబ్జార్బర్‌తో కలిపి తాడు 2 మీటర్లు. పడినప్పుడు అబ్జార్బర్ కుట్లు తెగుతూ 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 1.5 మీటర్లు. నేలకు తగలకుండా మరో మీటరు. మొత్తం హుక్కు కింద 6.25 మీటర్ల ఖాళీ కావాలి. 4 మీటర్ల ఎత్తున్న పలక మీద ఇలా హుక్కు తగిలించిన మనిషి, తాడు పూర్తిగా ఆపేలోపే నేలను తాకుతాడు. కార్మికులకు ఈ లెక్క రాకపోయినా సంగతి తెలుసు. ‘కింద ఎలాగూ తగులుతాం, ఈ తాడు కాళ్లకు అడ్డం తప్ప ఎందుకు’ అంటారు. వాళ్లు చెప్పేది నిజం. ఆ ఎత్తులో కావాల్సింది నడుమెత్తు రెయిలింగ్, మధ్య రెయిలింగ్, అంచు పలక, ఖాళీ లేకుండా పరిచిన నడక పలకలు. వాటికి వీల్లేని చోట తల పైన తగిలించే, తాడును తనలోకి లాక్కునే రిట్రాక్టబుల్ బ్లాక్. హార్నెస్ అన్నది మిగతావన్నీ కుదరనప్పుడు వచ్చే చివరి మెట్టు. మన దగ్గర అదే మొదటి మెట్టు, చాలాసార్లు అదొక్కటే మెట్టు.

10. ఒంటికి సరిపోని సామాను. నడుముకు మాత్రమే కట్టే బెల్టులు ఇంకా సైట్లలో తిరుగుతున్నాయి. పడినప్పుడు అవి పొట్టను, వెన్నును నొక్కేస్తాయి, లేదా మనిషి అందులోంచి జారిపోతాడు. పూర్తి హార్నెస్ అయినా, అందరికీ ఒకే సైజు కొంటారు. తొడ పట్టీ బిగించాక అరచేయి చాపి దూరిస్తే దూరాలి, పిడికిలి దూరకూడదు. వీపు రింగు రెండు భుజాల ఎముకల మధ్య ఉండాలి. పెద్ద సైజు ఇస్తే సన్నటి మనిషికి ఈ రెండూ కుదరవు. వదులైన తొడ పట్టీ పడినప్పుడు గజ్జల్లో కోస్తుంది. అందుకే చాలామంది పై పట్టీలు వేసుకుని కింద తొడ పట్టీలు వేలాడదీస్తారు. స్త్రీ కార్మికులకు చీర మీద హార్నెస్ ఎలా కట్టుకోవాలో చెప్పినవాళ్లు ఉన్నారా? పైజామా, షర్టు ఇవ్వకుండా హార్నెస్ ఇచ్చి ‘వాడలేదు’ అంటున్నారు.

11. కొలత మీద కూలి. సెంట్రింగ్ పనికి చదరపు మీటరు లెక్కన డబ్బు ఇస్తారు. హుక్కు మార్చడానికి పోయే సమయం అంతా కూలివాడి జేబులోంచే పోతుంది. భద్రతకు పట్టే సమయానికి రేటులో చోటివ్వని కాంట్రాక్టు, రాయకుండానే ‘హుక్కు తగిలించకు’ అని ఆదేశిస్తున్నట్టే. మా దృష్టిలో చట్టం అడిగే ‘స్పష్టమైన ఆదేశం’ గోడ మీది బోర్డులో కన్నా ఈ రేటులోనే ఎక్కువగా ఉంది.

12. భాష. ఉదయం టూల్ బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు చెప్పే భద్రతా జాగ్రత్తలు) ఇంగ్లీషులోనో తెలుగులోనో సాగుతుంది. వినేవాళ్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. చివర రిజిస్టరులో వరసగా సంతకాలు, వేలిముద్రలు. ఒక్కోసారి వరసంతా ఒకే చేతిరాత. ఈ రిజిస్టరునే ‘కార్మికుడికి తెలుసు’ అనడానికి రుజువుగా తెస్తారు.

ఫ్యాక్టరీలో గ్రైండర్ గార్డు (తిరిగే చక్రానికి అడ్డుగా ఉండే కవచం) సంగతీ ఇంతే. ‘గార్డు తీసేశాడు, వేలు పోయింది’ అని రాస్తారు. గార్డు ఎందుకు తీశాడు? ఐదంగుళాల మిషన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. స్టోరులో ఏడంగుళాల చక్రాలే ఉన్నాయి, లేదా ఐదంగుళాల చక్రం లోతు చాలలేదు. మధ్య రంధ్రం రెండింటికీ ఒకటే కాబట్టి ఏడంగుళాలది ఎక్కుతుంది, గార్డు మాత్రం అడ్డం వస్తుంది. అందుకే తీస్తారు. ఏడంగుళాల చక్రం మీద గరిష్ఠ వేగం 8,500 చుట్లని అచ్చేసి ఉంటుంది. 11,000 దగ్గర దాన్ని చీల్చే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చక్రం పగిలి ముక్కలు ఎగురుతాయి. ఇక్కడ అడగాల్సింది ఆ చక్రాలను ఇండెంట్ రాసి తెప్పించినదెవరని, ఆ మిషన్ దగ్గరికి స్టోరు వాళ్లు ఎలా ఇచ్చారని. విరిగిన చక్రం లేబుల్ ముక్క దొరికితే వేగం, సైజు దాని మీదే ఉంటాయి. చాలాసార్లు అది సాయంత్రానికే ఊడ్చేసి ఉంటారు.

హార్నెస్ ఆపినా చనిపోతున్నారు

13. తాడు ఆపింది, మనిషి గాల్లో వేలాడుతున్నాడు. తొడ పట్టీల దగ్గర రక్తం పైకి రావడం తగ్గుతుంది. స్పృహ తప్పితే అరగంటలోపే ప్రాణం పోవచ్చు. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే సమయం ఉండదు. సైట్‌లోనే దించే ఏర్పాటు ఉండాలి: ఆ ఎత్తుకు సరిపడే తాడు, పుల్లీ, దించే పరికరం, లేదా క్రేనుకు మనుషుల్ని ఎత్తే బుట్ట, వాటిని వాడటం నేర్చిన ఇద్దరు ప్రతి షిఫ్టులో. వేలాడేవాడు కాళ్లు పెట్టి నిలబడేందుకు హార్నెస్‌కు జతచేసే చిన్న పట్టీలు దొరుకుతాయి. అవి ఉన్న హార్నెస్‌లు సైట్లలో అరుదు. దించే ఏర్పాటు లేనిచోట బెల్టు పెట్టుకున్నవాడు చనిపోతే ఏ గడిలో ఏమి రాస్తారు?

మా డిమాండ్లు

అ) నివేదికలో ‘సామాను వాడలేదు’ అని రాస్తే, దాని కిందే ఈ ప్రశ్నలకు జవాబులు రాయడం తప్పనిసరి చేయండి. ఆ పనికి యాంకర్ ఎక్కడ ఉంది, ఎంత బలానికి పరీక్షించారు? లాన్యార్డ్ ఒకటా రెండా? హుక్కు కింద ఎంత ఖాళీ ఉంది? హార్నెస్ మీద ఐఎస్ 3521 (హార్నెస్‌లకు భారతీయ ప్రమాణం) గుర్తు, తయారీ తేదీ ఉన్నాయా? సైజు అతనిదేనా? శిక్షణ ఏ భాషలో, ఎంతసేపు? ఆ పూట పని చేయమన్నదెవరు? కూలి ఏ లెక్కన? జవాబు లేని నివేదికను పై అధికారి వెనక్కి పంపాలి.

ఆ) ప్రమాదం జరిగిన చోటును, సామానును అలాగే ఉంచాలి. హార్నెస్, లాన్యార్డ్, హుక్కు, లైఫ్‌లైన్, క్లాంపులు సీలు చేసి భద్రపరచాలి. అవే సాక్ష్యం. అబ్జార్బర్ సంచి చిరిగి లోపలి పట్టీ బయటికొస్తే తాడు బలం మోసినట్టు. అంటే హుక్కు తగిలే ఉంది, తెగింది వేరేది. తొడ పట్టీ బకిల్‌లో సిమెంటు గట్టిపడి ఉంటే ఆ బకిల్ చాలాకాలంగా పనిచేయడం లేదు. హుక్కు గేటు స్ప్రింగు వాలిపోయి ఉంటే అది తనంతట తానే ఊడుతుంది. వెల్డింగ్ నిప్పురవ్వలకు పట్టీ మీద కరిగిన మచ్చలున్నా, ఎండకు రంగు పోయి దారాలు పెళుసెక్కినా, ఆ హార్నెస్‌ను ముందే నరికి పారేసి ఉండాల్సింది. ఇవన్నీ అయిదు నిమిషాల్లో కంటికి కనిపించేవి. ప్రమాదం తర్వాత కొత్త హార్నెస్ తెచ్చి ‘ఇదే ఇచ్చాం’ అని చూపడం మీకూ తెలియని సంగతి కాదు. బ్యాచ్ నంబరును స్టోరు ఇష్యూ రిజిస్టరుతో పోల్చండి.

ఇ) బీమా సంస్థలు ‘నిర్లక్ష్యం’ పేరుతో క్లెయిమ్ తిరస్కరిస్తే, పైన చెప్పిన మూడు షరతులకూ వేర్వేరుగా రుజువు చూపించాలి. కమిషనర్ దగ్గర వాయిదాలు లాగుతూ కుటుంబాన్ని అలసిపోనివ్వడం ఆపాలి. 1923 చట్టం కిందికి వచ్చే పాత కేసుల్లో నెల దాటితే 12 శాతం వడ్డీ, సమర్థనీయమైన కారణం లేకుంటే సగం దాకా పెనాల్టీ ఉన్నాయి. వాటిని అడగకుండానే వేయించండి. పల్లె నుంచి వచ్చిన వితంతువుకు ఆ సెక్షన్ తెలిసి అడుగుతుందనుకోవడం సరికాదు.

ఈ) సబ్ కాంట్రాక్టరు కూలీ అయినా ప్రిన్సిపల్ యజమాని (పనిని కాంట్రాక్టుకు ఇచ్చినవారు) బాధ్యత పోదని 1923 చట్టం 12వ సెక్షన్ చెప్పింది. ‘అతను మా రోల్‌లో లేడు’ అన్న జవాబుతో విచారణ ఆపవద్దు. ఎఫ్ఐఆర్‌లో లేబర్ మేస్త్రి పేరు ఒక్కటే రాసి, యాంకర్ లేని డ్రాయింగ్‌కు సంతకం పెట్టినవారిని, రేటు నిర్ణయించినవారిని వదిలేయడం కూడా ఆగాలి.

ఉ) హార్నెస్, హెల్మెట్, బూట్ల డబ్బు కూలిలో కోయడం ఆపండి. భద్రత కోసం చేసే దేనికీ ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని పైన చెప్పిన వృత్తిపరమైన భద్రత కోడ్, 2020 చెబుతోంది. డబ్బు కోస్తారని భయపడి హార్నెస్ తీసుకోకుండా తప్పించుకునే కార్మికులు ఉన్నారు. హెల్మెట్ ఇస్తే గదవ పట్టీతో సహా ఇవ్వండి. పట్టీ లేని హెల్మెట్ మనిషి పడేటప్పుడు అతనికన్నా ముందే ఎగిరిపోతుంది.

ఊ) కార్మికుల బాధ్యత గురించి కూడా అడుగుతున్నాం. యాంకర్, రెండు తాళ్లు, సరైన సైజు, అర్థమయ్యే భాషలో శిక్షణ, తగిన సమయం అన్నీ ఇచ్చాక కూడా హుక్కు తగిలించనివాణ్ని వెంటనే కిందికి దించండి. మొదటిసారి మళ్లీ శిక్షణ ఇవ్వండి. మళ్లీ చేస్తే ఎత్తు పని నుంచి తప్పించి నేల మీద పని ఇవ్వండి. ప్రతిసారీ తేదీ, చోటు, కారణం అతని భాషలో రాసి, సాక్షి ముందు చదివి వినిపించి సంతకం తీసుకోండి. కూలి మాత్రం కోయవద్దు. కోస్తే దాచిపెట్టడం నేర్చుకుంటారు. ఈ రికార్డు నిజాయితీగా ఉంటే రేపు కోర్టులో యజమానికి పనికొచ్చే రుజువు కూడా ఇదే. ఇప్పుడు తెస్తున్న వేలిముద్రల రిజిస్టరు నిలబడదు.

కార్మిక సోదరులకు, అక్కాచెల్లెళ్లకు కూడా ఈ లేఖలోనే ఒక మాట. తగిలించే చోటు లేకపోతే ఎక్కవద్దు. ‘యాంకర్ చూపించండి’ అని అడగండి. ముప్పు కళ్లముందు కనిపిస్తే యజమానికి, భద్రతా కమిటీకి, తనిఖీ అధికారికి చెప్పే హక్కు అదే భద్రత కోడ్ మీకు ఇచ్చింది. నోటితో చెప్పి ఊరుకోకండి. ఫోన్‌లో ఫొటో తీసి, తేదీతో మెసేజ్ పెట్టండి. అన్నీ ఉన్నా హుక్కు తగిలించకుండా ఎక్కితే మాత్రం, ఆ పని వల్ల మీ కాలో చెయ్యో పోయినప్పుడు మీ తరఫున మేము చెప్పగలిగే మాట తక్కువ.

ఋ) ఎత్తు పని మొదలయ్యే ప్రతి సైట్‌లో, పర్మిట్ (ఆ పనికి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం పెట్టేముందు, వేలాడే మనిషిని దించే ఏర్పాటును ఒకసారి చేసి చూపించాలి. వంద కిలోల ఇసుక బస్తాను హార్నెస్‌కు కట్టి, పై అంతస్తు నుంచి వేలాడదీసి, పది నిమిషాల్లో దించగలగాలి. దించలేకపోతే ఆ రోజు పర్మిట్ ఇవ్వకూడదు.

అధికారులు ఈ డిమాండ్లకు ఒక్కొక్కదానికీ ఒప్పుకుంటున్నారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. కేసులు మూసేసిన పాత నివేదికల్లో ‘బెల్టు వాడలేదు’ అన్న ఒక్క వాక్యంతో పరిహారం తిరస్కరించినవాటిని తిరిగి తెరవాలి. క్లెయిమ్ వేయడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం నుంచి, మనిషి చనిపోతే ఆ తేదీ నుంచి, రెండేళ్లే. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. తప్పుడు నివేదిక చూపి ఆ కుటుంబాలను వెనక్కి పంపి ఉంటే, అంతకన్నా తగిన కారణం ఏముంటుంది? గడువు దాటుతున్న కేసుల నుంచే మొదలుపెట్టండి. యాంకర్ లెక్కలకు, సామాను పరీక్షకు, శిక్షణకు మా సాయం కావాలంటే ఏ సైట్‌కైనా వస్తాం, రుసుము అడగం.

ఇట్లు,
ఎత్తు పనుల భద్రతా శిక్షకులు, పరంజా మేస్త్రీలు